మోటారు మీద ఎర్ర చుక్క

పెద్ద వరద వచ్చి వెళ్ళిన మూడో ఏడు జరిగిందిది. గోడల మీద నీటి మరక ఇంకా నడుమెత్తున ఉండేది. వరద ఏడే దర్జీ భార్య పోయింది. ఇంట్లో అతనూ కూతురూ మిగిలారు.

దర్జీ మాటల మనిషి కాడు. పొద్దున లేవగానే కుట్టుమిషనుకు నూనె వేస్తాడు. తర్వాత తలుపు బందులకు, కూతురి సైకిల్ గొలుసుకు. ఆ ఇంట్లో ఏదీ కిర్రుమనదు. అందుకే అక్కడ అంత నిశ్శబ్దం.

కూతురు రిమోట్ కార్ల పందేలు ఆడుతుంది. ఆ కార్లూ మోటార్లూ అమ్మే మేనమామ ఒక్కడే ఆదివారం భోజనానికి వచ్చేవాడు. "బావా, నీ నోటికి కూడా రెండు చుక్కలు వేసుకోరాదూ" అనేవాడు. ఆ పూట ఇల్లు ఇల్లులా ఉండేది.

ఒక ఆదివారం మాత్రం పొద్దున్నే వచ్చాడు. ముందు రోజు పందెంలో పొగలు కక్కి ఆగిపోయిన మోటారు అతని చేతిలో ఉంది. కొత్తది ఇప్పించమని కూతురే ఇచ్చింది.

"కంపెనీకి పంపలేనమ్మాయ్. చూడు, స్క్రూ మీద ఎర్ర రంగు చుక్క పగిలింది. చుక్క పగిలిందంటే విప్పినట్టే, పూచీ ఉండదని కొన్న రోజే చెప్పా."

"నేను విప్పలేదు మామయ్యా."

"మరి దెయ్యం విప్పిందా?"

"సగం పందెం కూడా తిరగలేదు. పాత సరుకు అంటగట్టి నా మీదకి తోస్తున్నావు."

"నేనా? మా అక్క కూతురికా?"

"అమ్మ ఉంటే ఈ మోసం చేసేవాడివా?"

అతని ముఖం వాడిపోయింది. మోటారు బల్ల మీద పెట్టి బావ వైపు చూశాడు. దర్జీ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. 

"సరేనమ్మా. మోసగాడికి మీ ఇంట్లో పనేముంది?" చెప్పులు సరిగా వేసుకోకుండానే వెళ్ళిపోయాడు.

కూతురు కోపంగా మోటారు మూత ఊడదీసింది. లోపల నల్లటి జిడ్డు ముద్ద. ముక్కు దగ్గర పెట్టుకుంది. చిన్నప్పటినుంచీ తెలిసిన వాసన. కుట్టుమిషను వాసన.

"నాన్నా..."

సూది ఆగింది.

"కీచుమంటోందమ్మా. పందెం కదా అని, విప్పి నూనె కాస్త ఎక్కువే వేశాను."

"మిషను తాగుతుంది గానీ ఇది తాగదు నాన్నా. లోపల బొగ్గు ముక్కలుంటాయి. వాటికి నూనె తగిలితే మాడిపోతుంది."

"నాకు తెలీదు."

"తెలీకపోతే పోనీ. మామయ్య అడిగినప్పుడు నోరు విప్పొచ్చుగా?"

దర్జీ సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు.

"చెప్పాల్సినవన్నీ మీ అమ్మే చెప్పేది."

 ఆ ఇంట్లో కిర్రుమనని తలుపులన్నీ ఒక్కసారి కూతురి కళ్ళముందు తిరిగాయి. తండ్రి తనతో మాట్లాడుతూనే ఉన్నాడు, ఇన్నాళ్ళూ, ఆ నూనె చుక్కలతో. జిడ్డు చేతుల్తోనే ముఖం కప్పుకుని ఏడ్చింది.

"మామయ్యని ఎంత మాటన్నాను. ఇక రాడు నాన్నా."

మర్నాడు పొద్దున దర్జీ మిషను దగ్గర కూర్చోలేదు. మోటారు జేబులో వేసుకుని బావమరిది కొట్టుకు నడిచాడు. అతను ఒక్కడే షట్టరు ఎత్తుతూ తంటాలు పడుతున్నాడు. అది కీచుమని అరుస్తోంది.

"విప్పింది నేను" అన్నాడు దర్జీ.

బావమరిది షట్టరు వదిలేసి చూశాడు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో.

"అయినా పూచీ రాదు బావా."

"పూచీ కోసం రాలేదు. ఆదివారం అన్నానికి రా. పిల్ల నిన్నట్నుంచీ సరిగ్గా తినలేదు."

 బావమరిది ముక్కు చీది, "ముందు ఇది పట్టు" అన్నాడు.

దర్జీ వంగి షట్టరు రెండో కొస పట్టుకున్నాడు.