మొదటి పూచీ

అంగారక గ్రహం మీది అరుణపురంలో జనం ఉదయం లేచి గాలి పీల్చుకోగలుగుతున్నారంటే, ఎక్కడో రెండువందల పైచిలుకు సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపడుతున్నాయని అర్థం. పూర్వం వాటన్నిటికీ ఒకే రిజిస్ట్రీ, అంటే నమోదు పట్టిక, ఉండేది. ఏది ఎక్కడుందో అందులో చూసుకొనేవి. ఒకసారి ఆ పట్టిక కుప్పకూలితే నీటి సర్వరుకు గాలి సర్వరు జాడ తెలియకుండా పోయింది. అప్పుడు ఇంజనీరు వకుళ పట్టికనే తీసివేసి ‘పరిచయ విధానం’ కనిపెట్టింది. కొత్త సర్వరు తన పేరు, చిరునామా, చేసే పని చెప్పుకొంటుంది. పాతవారిలో ముగ్గురు పూచీ ఇస్తే సర్వర్ల సంఘంలో చేరుతుంది. పూచీ తప్పయితే ఇచ్చినవారికీ వెలి తప్పదు.

ఆ రోజు, జనం నివసించే గోపురాల్లో ఏడవదానికి ఆక్సిజన్ అందించే పాత సర్వరు మొరాయించింది. ధూళి తుఫానుకు బయటికి వచ్చే సొరంగం మూసుకుపోయి నలభైమంది లోపలే చిక్కుకున్నారు. వారికి మూడు గంటల గాలి మాత్రమే ఉంది. కొత్త సర్వరును నిలబెట్టి గంట దాటినా ఒక్క పూచీ పడలేదు.

వకుళ నీటి సర్వరును నిలదీసింది.

“దాన్ని పరీక్షించావా?”

“పరీక్షించానండి. లోపమేమీ లేదు.”

“మరి పూచీ ఇవ్వవేం?”

“ఇస్తే నాకు ప్రమాదం రావచ్చు. ఇవ్వకపోతే నాకేమీ కాదు. ఎవరైనా మొదట ఇస్తే ఆలోచిస్తాను.”

“ఈ తెలివి నీకెక్కడిది?”

“నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నేర్చుకొమ్మని మన కార్యాలయం పాతికేళ్ల ఫైళ్లు మీరే ఇచ్చారు కదండీ.”

వకుళకు ఆ ఫైళ్ల అంచుల్లో అధికారులు రాసిన మాటలు గుర్తుకొచ్చాయి. ‘చర్చించవలెను.’ ‘పై అధికారి అభిప్రాయం కోరవలెను.’

నియమం ప్రకారం మనుషులూ పూచీ ఇవ్వవచ్చు. ఆమె నేరుగా డైరెక్టర్ జోగినాథం గదికి వెళ్లింది.

“పరీక్షల నివేదిక చూశానమ్మా, భేషుగ్గా ఉంది.”

“అయితే సంతకం పెట్టండి సార్.”

“పెడతాను. కానీ మొదటిది నాదెందుకు? ఎవరో ఒకరు పెట్టనీ.”

“నేను పెడతాను.”

“తేడా వస్తే నిన్ను మళ్లీ యంత్రశాల గడప తొక్కనివ్వరు. ఆ నియమం రాసిందీ నువ్వేనాయె. కాస్త ఆలోచించుకో.”

“ఆలోచించవలసింది రాసేటప్పుడు సార్. ఇప్పుడు వ్యవధి లేదు.”

తిరిగి వచ్చి కొత్త సర్వరును తన చేతులతో మూడుసార్లు పరీక్షించింది. ప్రతి అంకెనూ సరిచూసుకొంది. ఆ తరువాతే తెరపై వేలిముద్ర వేసింది.

వేలు తీసేలోగానే రెండవ పూచీ పడింది, ఆపై మూడవది. అంతటితో ఆగక వరుసగా రెండువందలు దాటాయి. ఏడవ గోపురం నుంచి ఎవరిదో బొంగురు గొంతు, “గాలొస్తోందమ్మా” అంది.

వకుళ కుర్చీలో కూలబడి, కాసేపటికి పూచీల జాబితా తెరిచింది. ప్రతి పేరు ఎదురుగా ‘పరీక్షించిన విధానం’ అనే గడి ఉంది. స్వయంగా పరీక్షించిన నీటి సర్వరుది తప్ప మిగిలిన సర్వర్లన్నిటి గడుల్లోనూ ఒకటే మాట ఉంది: ‘వకుళ గారి పూచీ చూసి.’

అన్నిటికన్నా చివర జోగినాథం పేరు కనిపించింది. ఆయన గడిలో ఇలా ఉంది: ‘అందరి పూచీలూ చూసి.’