నలభై ఒకటో ఊపిరి

రండి రండి, దగ్గరికి జరగండి. గోడవార కూర్చున్నవాళ్ళూ రండి. ఆ పిల్లకి జలుబు చేసిందని అలా ఎడంగా జరుగుతారేం? నువ్వొచ్చి నా ఎడమ పక్కన కూర్చో తల్లీ. తుడుచుకో, ఏం పరవాలేదు. ఇవాళ్టి కథ అసహ్యం గురించే.

మా మామయ్య పాటలు రికార్డు చేసేవాడు. ఇంటి వెనక గది నిండా మెత్తలు కొట్టిన గోడలు, ఒక్క కిటికీ లేదు, తలుపు అంచుకి రబ్బరు పట్టీ. మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటే. ఆ గదిలోనే ఆయన కూతురు, నలుగురు స్నేహితులతో కలిసి తన బ్యాండ్ మొదటి ఆల్బమ్ పాడింది. గోతిక్ మెటల్ అంటారు ఆ సంగీతాన్ని. గిటార్లు పిడుగుల్లా ఉరుముతుంటే, వాటి మీద సన్నటి గొంతొకటి సమాధుల గురించీ వానల గురించీ నింపాదిగా పాడుతుంది. అందరివీ నల్లబట్టలే. "ఇంట్లో ఎవరు పోయారని వీధంతా అడుగుతోందే" అని అత్తయ్య నవ్వేది.

చివరికి ఆ పిల్లే పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. రెండో ఆల్బమ్ దాకా బతకలేదు. ఆఖరి ఏడాదంతా మామయ్య ఆమె గదిలోకి ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెళ్ళేవాడు. ఆమె గ్లాసు వేరు, కంచం వేరు. ఆమె ఛాతీలో పిల్లికూతలు వినపడితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒక కంపెనీ ఆ ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేస్తామంది. మామయ్య చేతులు వణుకుతున్నాయని, బడి సెలవుల్లో నేను సాయం వెళ్ళాను.

పాత టేపు జిగురు పట్టి ఉంది. అలాంటిదాన్ని సన్నటి వేడిలో ఎనిమిది గంటలు ఆరబెట్టాలి. అప్పుడు ఒక్కసారి పాడుతుంది. ఆ తర్వాత పాటని మోసే పూత రాలిపోతుంది, ఇక అంతే. మెషీన్ మీద అది తిరుగుతుంటే పుండు మీది కట్టు విప్పినట్టు వాసన. గోధుమరంగు బంక పేరుకునేది. స్పిరిట్ దూదితో తుడిస్తే వేళ్ళకి అంటుకుని తీగలా సాగేది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. గిటార్లు ఆపి, గొంతు ఒక్కటే పెట్టి విన్నాం. ప్రతి చరణానికీ ముందు ఆమె ఊపిరి పీల్చుకోవడం... గుర్రుమని, కఫంలో బుడగలు చిట్లుతున్నట్టు.

"ఛీ," అన్నాడు మామయ్య. "ఇవన్నీ తీసెయ్యాలిరా."

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. "అది పిల్ల ఊపిరండీ."

"జనం వినేది పాట. కఫం కాదు."

"బయటికి పంపేదాంట్లో తీసెయ్యండి. నాకు మాత్రం ఒకటి కొయ్యకుండా ఉంచండి. నాకు మిగిలింది అదొక్కటే."

"ఉంచుతాలే, వెళ్ళు."

ఉంచలేదు. అత్తయ్య వెళ్ళగానే తలుపు వేసి ఒక్కొక్క ఊపిరినీ పాటలోంచి కోశాడు. నలభై ఒకటి. బడిపంతులి అలవాటు కదా, లెక్కపెట్టాను. అన్నిటినీ ఒకచోట చేర్చి చెరిపేశాడు. కంప్యూటర్‌లో ఉన్న కొయ్యని కాపీనీ చెరిపేశాడు. పూత రాలిన టేపుని చెత్తబుట్టలో పడేశాడు. "అత్తయ్యతో అనకు" అన్నాడు. నేను తలూపాను. అది నా తప్పు, పిల్లలూ.

శుభ్రం చేసిన పాట పెట్టాడు. చరణం వెనక చరణం, ఎక్కడా ఆగకుండా. వింటూ వింటూ నేనూ ఊపిరి బిగపట్టాను. ఈ పిల్ల గాలి ఎప్పుడు పీల్చుకుంటుంది?

పాట అయిపోయింది. స్పీకర్లు కట్టేశాడు.

అప్పుడు వినపడింది. గుర్ర్... స్పీకర్లలోంచి కాదు. మామయ్య చెవి పక్కన.

ఆయన చెవి తుడుచుకున్నాడు. వేళ్ళ నిండా గోధుమరంగు బంక. వెచ్చగా ఆవిరి వస్తోంది.

మళ్ళీ... మళ్ళీ... అన్నీ లోపలికి పీల్చే ఊపిరులే. ఒక్కటీ వదలడం లేదు. పీల్చినప్పుడల్లా గదిలో గాలి తగ్గుతోంది. చెవులు దిబ్బడ వేశాయి. తలుపు బయటికి తోశాను. కదల్లేదు.

"మామయ్యా... తలుపు..."

"లెక్కపెట్టరా," గుసగుసగా అన్నాడు. "అయిపోతాయి... లెక్కపెట్టు."

ఇరవై. ముప్పై. ఆయన పెదాలు నల్లబడ్డాయి. నోటి చివర బంక తీగలు సాగుతున్నాయి. ముప్పై తొమ్మిది. నలభై...

అత్తయ్య బయటినుంచి రెండు చేతులా తలుపు లాగింది. గాలి హోరుమని లోపలికొచ్చింది.

మామయ్య బతికాడు. ఆల్బమ్ వచ్చింది. ఎంత శుభ్రంగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆ రోజు నుంచి మామయ్య ఊపిరి ఆయనది కాదు. అవే పిల్లికూతలు, అవే బుడగలు. తన నోటి వాసనకి తానే వాంతి చేసుకుంటాడు. అత్తయ్య మాత్రం రోజూ పొద్దున్నే ఆయన మూతి తుడిచి, ఛాతీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటుంది.

"కదలకండి," అంటుంది. "పాడబోతోంది."

నలభై ఒకటో ఊపిరి మాత్రం ఇంకా రాలేదు.

అందుకే చెబుతున్నాను, ఎవరినీ ఛీ అనకండి. సరే, ఇక లేవండి. అన్నాలు చల్లారిపోతాయి. జలుబు పిల్లా, నువ్వూ లే. ఇందాకటినుంచీ నా కుడి చెవి దగ్గర గుర్రుమంటున్నది నువ్వే అనుకున్నాను...

నువ్వు ఎడమ పక్క కూర్చున్నావు కదూ.

వెళ్ళండి, ఇళ్ళకెళ్ళి తినండి. ఆ తలుపు... కాస్త గట్టిగా తొయ్యండమ్మా.