ఊదే కొద్దీ వాంకూవర్ దూరం

బెంగళూరు కాటన్‌పేటలో దారాల దుకాణం నడిపే పుష్పావతి గొంతెత్తితే మెజెస్టిక్‌లో బస్సులు ఆగిపోతాయంటారు. అంతా కోతలు. నాకు తెలిసి ఆగినవి రెండే.

అటువంటి మనిషి ఎదుట నిలబడి, సర్జాపుర రోడ్డు కంపెనీలో పనిచేసే హేమలత సూటిగా అడిగేసింది.

"ఆంటీ, మీ పునీత్‌ని పెళ్ళి చేసుకుంటాను. నాకు వాంకూవర్‌లో జాబ్ వచ్చింది. ఇద్దరం వెళ్తాం."

పునీత్ దారపు కండెల వెనక నక్కాడు. ఆరడుగుల మనిషి ఆరంగుళాలయ్యాడు.

"యాడుండాది ఆ ఊరు?"

"కెనడాలో. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి పన్నెండు వేల ఏడొందల చిల్లర కిలోమీటర్లు."

"వీణ్ణి బొమ్మనహళ్ళి దాటి ఒంటిగా పంపినోళ్ళం కాదమ్మా మేము."

పుష్పావతి ఎర్రదారం ఒకటి తెంపి, గోడమీది ప్రపంచపటంపై లాగి పట్టింది. దారం ఎడారులు దాటి, సముద్రం ఈది, ఆయాసంతో అవతలి గట్టెక్కింది.

"చూడు. వీడికి ఆకలైతే నేను చారెట్ల పంపాల?"

"విమానం అలా పోదు ఆంటీ. భూమి గుండ్రం కదా, పైన మంచు మీదుగా అడ్డదారి ఉంది. డిస్టెన్స్ బాగా తగ్గుతుంది."

"పెండ్లి కాకముందే నా కొడుకుని అడ్డదారి పట్టిస్తా ఉండావే."

హేమలత సిద్ధపడే వచ్చింది. బ్యాగులోంచి దేశాలన్నీ అచ్చువేసిన గాలిబంతి తీసి, ఊది, రెండు ఊళ్ళ నడుమ దారం పెట్టింది. జానెడు తేలింది.

పుష్పావతి బంతిని నొక్కి చూసింది. "మెత్తగా ఉండాది. నన్ను ఏమారుస్తావా? ఇంకా ఊదు."

ఊదింది. జానెడు మూరెడైంది.

"ఇంకా."

హేమలత ముఖం కందగడ్డయింది. ఆమె ఊదుతోంది, వాంకూవర్ పారిపోతోంది, పుష్పావతి దారం వదులుతోంది.

"హేమా, చాలు," కండెల వెనక నుంచి సన్నటి గొంతు. "నువ్వు ఊదే కొద్దీ దూరమైపోతా ఉండావు."

"మరి నువ్వేం చేస్తున్నావక్కడ? మీ అమ్మతో మాట్లాడతావని ఎన్నాళ్ళు చూశాను? వచ్చే నెల నేను వెళ్ళిపోతున్నా పునీత్." ఈసారి ఆమె కళ్ళు ఎర్రబడ్డది ఊదడం వల్ల కాదు.

పునీత్ బయటికొచ్చాడు. బంతి లాక్కుని బిరడా పీకేశాడు. భూగోళం బుస్సుమంటూ కుంగిపోయి, బెంగళూరు వెళ్ళి వాంకూవర్ ఒళ్ళో పడింది.

"అమ్మా, నువ్వంటే నాకు భయం. ఈమె లేకుండా ఉండాలంటే ఇంకా భయం. నేనూ పోతా."

పుష్పావతి చేతిలోని దారాన్ని నెమ్మదిగా వేలికి చుట్టుకుంది.

"నాకెదురు మాట్లాడింది ఇదే మొదలు కదరా నువ్వు," అంది. తర్వాత హేమలతను చూసింది. "నువ్వు పనికి పోతే వీడేం చేస్తాడాడ?"

"ఉద్యోగం దొరికేదాకా వంట చేస్తాడంట ఆంటీ."

"బియ్యం కడగరా అంటే సబ్బు అడిగినోడు. నువ్వు ముందు పో. పెండ్లి నాటికి వీడికి ఎసరు పెట్టేదన్నా నేర్పిస్తా."

పునీత్ మెల్లగా దగ్గాడు. "అయితే ఒప్పుకున్నట్టేనా?"

"నీతో ఎవరు మాట్లాడినారప్పా? ఊదీ ఊదీ నా కోడలికి నోరెండిపోయుండాది. పోయి మజ్జిగ తీసుకరా."