బ్లాకుల్లేని గుండెపోటు

యలహంక పాత ఊళ్ళో ఆ ఇంటి వంటగదిలో పొద్దున్నే రాగిసంగటికి ఎసరు మరుగుతోంది. పిండి పోసి కట్టెతో గెలకబోయిన శశికళ ఆగిపోయింది. ఎద నడుమ ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు నొప్పి. అది మెల్లగా ఎడమ దవడలోకి పాకింది. పక్కగదిలో అంగడికి తయారవుతున్న భర్తకు వినపడకుండా ఆమె గట్టు పట్టుకుని ఊపిరి పీల్చుకుంది.

చెప్పి ఏం లాభం? ఐదు వారాల కింద ఇలాగే నొప్పి వస్తే ఆస్పత్రిలో చేర్చారు. రక్తపరీక్షలో గుండె కండరం దెబ్బతిన్న గుర్తులున్నాయని యాంజియోగ్రామ్ చేశారు. ఎక్కడా బ్లాకులు కనపడలేదు. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని నిద్రమాత్రలు రాసి పంపేశారు. భర్త దేవరాజ్‌కు చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడి. భార్యకు ఏమీ లేదన్న సంతోషంతో ఆ సాయంత్రం బజారులో తెలిసినవాళ్ళందరికీ మైసూర్‌పాక్ పంచి, ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ను శశికళే ఓదార్చింది.

నొప్పి మాత్రం ఆమెను వదల్లేదు. చెప్పినప్పుడల్లా దేవరాజ్ నవ్వి బుజ్జగించేవాడు. రానురాను ఆమెకు తనమీదే అనుమానం పుట్టింది. నొప్పి నిజంగా వస్తోందా, తనే తెచ్చిపెట్టుకుంటోందా?

చేతిలోని కట్టె జారి కింద పడింది. ఆ చప్పుడుకు వసారాలో అనపకాయలు ఒలుస్తున్న అత్తగారు పిల్లమ్మ లేచి వచ్చింది.

"మ్మేయ్ శశీ, ఏమైంది? మొగమంతా చెమట పట్టి ఉండాది!"

"ఏమీ లేదత్తా. పొయ్యి సెగకు."

"సెగకు పట్టే చెమట ఇట్లా సల్లగా ఉంటాదా?" పిల్లమ్మ కోడలిని గోడకు ఆనించి కూర్చోబెట్టి కేకేసింది. "రేయ్ దేవరాజా, కారు తీయి. ఆస్పత్రికి పోవల్ల."

దేవరాజ్ పరుగున వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. ఆమె ముఖం చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "మళ్ళా వచ్చిందా? భయపడొద్దు శశీ. నీకేమీ లేదని డాక్టరే చెప్పినాడు కదా. గ్యాస్ అయింటాది. ఊరికే సుమ్మనే భయపడతావు నువ్వు. ఉండు, సోడా తెస్తా."

ఆ మెత్తని మాటే శశికళకు గుచ్చుకుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో భర్త మీద ఎన్నడూ గొంతెత్తని మనిషి అరిచింది.

"ఆ నవ్వు ఆపండి! తిట్టినా బాగుండు. నా నొప్పి నిజమా కాదా అని దినామూ నన్ను నేనే అడుక్కుంటా ఉండాను. నాకు మతి చెడిందేమో అనుకుంటా ఉండాను!"

దేవరాజ్ ముఖంలో నవ్వు చెరిగిపోయింది.

"విన్నావా?" అంది పిల్లమ్మ కొడుకుతో. "డాక్టరు మిషన్లో చూసినాడప్పా. నేను మనిషిని చూస్తా ఉండా. నెల దినాలుగా నా కోడలు మిద్దె మెట్లు నడిమధ్యలో నిలబడి, ఊపిరి తీసుకుని ఎక్కతా ఉంది. నువ్వు అంగడికి పోతావు, నీకేం కనపడతాది? లెయ్యి!"

అతను లేచి కారు తీశాడు.

ఈసారి వేరే ఆస్పత్రికి వెళ్ళారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన డాక్టర్ హరిణి పాత కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. రక్తపరీక్షలో మళ్ళీ అవే గుర్తులు కనపడటంతో ఇంకోసారి యాంజియోగ్రామ్ చేయాలంది.

"మళ్ళా యాంజియోగ్రామా మేడమ్? పోయినసారి ఏమీ లేదన్నారే!" అన్నాడు దేవరాజ్.

"అందులో నాళంలో రక్తం పారే దారి మాత్రమే కనపడుతుందండీ, గోడలో ఏముందో తెలీదు. పెద్ద బ్లాకుల్లేకుండా కూడా గుండెపోటు రావచ్చు. ఆడవాళ్ళలో ఇలాంటివి ఎక్కువ చూస్తుంటాం. ఈసారి సన్నటి తీగలాంటి కెమెరాను నాళం లోపలికే పంపి, వెలుతురుతో గోడను చూస్తాను. అక్కడా దొరక్కపోతే గుండెకు ఎంఆర్ఐ చేయిస్తాను. కారణం వెతక్కుండా మాత్రం ఇంటికి పంపను."

లోపల బల్ల మీద పడుకున్న శశికళ మెలకువగానే ఉంది. మణికట్టు దగ్గర నుంచి గొట్టం ఎక్కించారు. తెర మీద గుండ్రటి బొమ్మలు ఒకదాని వెంట ఒకటి కదులుతున్నాయి. 'దేవుడా, ఏదో ఒకటి కనపడనీ' అని మొక్కుకుంది. జబ్బు దొరకాలని ఎవరైనా మొక్కుతారా అని తనకే సిగ్గేసింది.

"ఆపండి. వెనక్కి... ఇదిగో, దొరికింది" అంది డాక్టర్. "శశికళగారూ, చూడండి. ఇక్కడ గోడ చిట్లి, దానిమీద చిన్న గడ్డ కట్టింది. మీ నొప్పి ఇదే."

శశికళ కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదు మేడమ్. కనపడింది కదా, అందుకు."

బయట డాక్టర్ దేవరాజ్‌కు ఆ బొమ్మ చూపించి చెప్పింది. స్టెంట్ అక్కర్లేదు, రక్తం గడ్డకట్టకుండా, కొవ్వు తగ్గేలా మందులు ఆపకుండా వాడితే చాలని.

"పోయినసారి కూడా ఇదేనా?"

"అయ్యుండొచ్చు. అప్పుడే మందులు మొదలుపెట్టి ఉంటే బాగుండేది."

సాయంత్రం అతను వార్డులోకి వచ్చి మంచం చివర నిలబడిపోయాడు.

"శశీ, మా నాయన ఎదనొప్పి అని పడుకున్నోడు మళ్ళా లేయలేదు. నాకప్పుడు పదకొండేండ్లు. నీకేమీ లేదని ఆ ఆస్పత్రోళ్ళు చెప్తూనే ఆ మాట గట్టిగా పట్టుకున్నా. నువ్వు నొప్పి అన్నప్పుడంతా ఆ మాట యాడ చెయ్యి జారిపోతాదో అని నవ్వేస్తా ఉంటి. నిన్ను ఓదార్చేదానికి కాదు. నన్ను నేను ఓదార్చుకుంటా ఉంటి."

శశికళ ఆయన ముఖంలోకి చూసింది. పొద్దుటి కోపం కోసం వెతికితే దొరకలేదు.

"ఇంకమీద నవ్వొద్దండి. భయమైతే భయమని చెప్పండి. ఇద్దరమూ కలిసి భయపడదాము."

అతను వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కట్టు కట్టిన మణికట్టు మీద వేళ్ళు పడ్డాయి.

"అబ్బా, నొప్పి!"

దేవరాజ్ చటుక్కున చెయ్యి తీసేశాడు. ఈసారి ఆమె వేళ్ళ కొసలు మాత్రం, గాజు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇక్కడ నొప్పా?"

"లేదు."

"నిజం చెప్పు."

"నిజమే."

అతను నమ్మాడు.