పది ఎంబీల పెళ్లికొడుకు

శ్రేయస్ మొదటిసారి అర్పిత స్టూడియోకి వచ్చినప్పుడు చలవ కళ్లజోడు తీయలేదు. హోసూరు బస్టాండు వెనక, మేడమీద, కిటికీలు మూసిన ఎడిటింగ్ గది అది. కంప్యూటర్ తెర వెలుతురు తప్ప మరో వెలుతురు లేదు. అతను కుర్చీ అనుకొని స్పీకర్ డబ్బా మీద కూర్చోబోయాడు.

అర్పిత డబ్బాను పక్కకు లాగి కుర్చీ చూపించింది. నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆమె పడిన అవస్థ ఆ నల్లద్దాల్లోంచి అతనికి కనబడలేదు.

అతని తండ్రి ద్వారకనాథ్‌కు బాగలూరు రోడ్డులో పెయింట్ల కొట్టు ఉంది. శ్రేయస్ అందులోనే కూర్చుంటాడు. విజిటింగ్ కార్డు మీద మాత్రం మేనేజింగ్ డైరెక్టర్ అని వేయించుకున్నాడు. తల్లి మనోరమ అతనికి సంబంధాలు చూస్తోంది. వాళ్ల బంధువర్గానికంతా కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. పెళ్లికొడుకులు తమ గురించి వీడియో పెట్టాలి, ఆడపిల్లల వాళ్లు చూసి ఫోన్ చేస్తారు. పెద్దవాళ్ల ఫోన్లు నిండిపోతున్నాయని గ్రూపు నడిపే రామచంద్ర ఒక నియమం పెట్టాడు: వీడియో పది ఎంబీలు దాటితే తీసేస్తారు.

శ్రేయస్ తెచ్చిన వీడియో పది ఎంబీలకు ఎన్నో రెట్లు ఉంది. స్నేహితుడి కారు, కృష్ణగిరి డ్యామ్, పైనుంచి డ్రోన్. దూకుతున్న నీళ్ల ముందు అతను స్లో మోషన్‌లో నడుస్తూ, జుట్టు సవరించుకుంటూ, తన లీడర్‌షిప్ క్వాలిటీల గురించి ఇంగ్లీషులో చెబుతాడు. రెండున్నర నిమిషాలు నడుస్తూనే ఉంటాడు.

“పది ఎంబీ లోపల రావాల. క్లారిటీ మాత్రం ఫోర్ కే కంటే తగ్గకూడదు,” అన్నాడు.

అర్పిత ఓపిగ్గా చెప్పింది. “అన్నా, సైజు మీరే చెప్పేసినారు, నిమిషాలూ మీరే చెప్పేసినారు. అంటే సెకనుకు ఇంత డేటా అని తేలిపోయింది. దాన్నే బిట్‌రేట్ అంటారు. రెజల్యూషన్ పెంచితే బొమ్మ పెద్దదవుతుంది గానీ డేటా పెరగదు. ఒక లీటరు పెయింటు ఒక గోడకి కొడితే నిండుగా ఉంటుంది. అదే లీటరు ఇల్లంతా కొడితే ఎట్లుంటుందో మీకు నేను చెప్పాల్నా?”

రెజల్యూషన్ సెవెన్ ట్వంటీకి దించి, నిడివి తగ్గించి, ఆ నీళ్లు తీసేస్తే బాగా వస్తుందని కూడా చెప్పింది. కదిలే నీళ్లే డేటానంతా తాగేస్తాయంది.

అతనికి నీళ్ల సంగతి కంటే ఆ ‘అన్నా’ ఎక్కువ గుచ్చుకుంది. కృష్ణగిరిలో తన పెదనాన్న కొడుకు గోకుల్ ఫోర్ కే పెట్టాడట. వాడికి లేని అడ్డం తనకెందుకు?

“బటన్ నొక్కే పనికి ఇంత ఉపన్యాసం ఏమిటికమ్మా,” అన్నాడు.

అర్పిత తెర వైపు తిరిగింది. ఆమె ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి, రోజూ బెంగళూరుకు పోయి వచ్చే ఉద్యోగం వదిలి, ఈ స్టూడియో పెట్టుకుంది. బటన్ అన్న మాట ఆమెకు ఎక్కడో తగిలింది. అడిగింది అడిగినట్టే చేసింది. పది ఎంబీలు, ఫోర్ కే, రెండున్నర నిమిషాలు. వచ్చినదాన్ని ఒక్కసారి చూసుకుంది. అతనికి ఫోన్ చేసి చూపించాలనిపించింది. బటన్ గుర్తొచ్చింది. చూపించకుండానే పంపేసింది.

ఫోన్ చిన్న తెర మీద శ్రేయస్‌కు తేడా తెలియలేదు. తనను తాను చూసుకునేవాడికి వంకలు కనబడవు కదా. గ్రూపులో పెట్టేశాడు.

గ్రూపులో చాలామంది ఇంట్లో పెద్ద టీవీకి కలుపుకొని చూస్తారు. అక్కడ డ్యామ్ నీళ్లు గచ్చు పలకల్లా కదిలాయి. ఆ పలకల మధ్య నుంచి ఇంకొన్ని పలకలు నడిచి వచ్చి ఇంగ్లీషు మాట్లాడాయి. కృష్ణగిరి భువనమ్మ, పెళ్లీడు కూతురున్న ఆవిడ, గ్రూపులోనే మనోరమకు వాయిస్ మెసేజ్ పెట్టింది.

“టీవీ వార్తల్లో పోలీసులు పట్టుకొచ్చినోళ్ల మొహం ఇట్లనే చూపిస్తారు. మీవాడి మీద ఏం కేసమ్మా?”

అది గ్రూపంతా విన్నది. గోకుల్ నవ్వు బొమ్మలు వరుసగా పెట్టాడు. ద్వారకనాథ్ కొట్టుకు వచ్చిన మేస్త్రీలు కూడా కేసు ఎంతవరకు వచ్చిందని అడిగారు. మనోరమ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

మూడో రోజు వానలో తడిసి ముద్దయి శ్రేయస్ స్టూడియో మెట్లెక్కాడు. దారిపొడుగునా కూడగట్టుకున్న తిట్లన్నీ తుమ్ముల్లో కొట్టుకుపోయాయి. అర్పిత తువాలు అందించింది.

“ఇట్ల అవుతుందని నీకు ముందే తెలుసా?” అని అడిగాడు.

“తెలుసు. చూసి కూడా పంపినాను. మీరన్న మాటకి కోపమొచ్చింది. కానీ పని చేసేదాన్ని, చూపించకుండా పంపడం నా తప్పే.”

పోట్లాడటానికి వచ్చినవాడికి ఎదుటి మనిషి తప్పు ఒప్పుకుంటే ఏం చేయాలో తెలియదు. శ్రేయస్ కాసేపు తల తుడుచుకున్నాడు. చెప్పినప్పుడు వినకపోవడం నా తప్పు, ఆ బటన్ మాటా నాదే అని తువాలులోంచే గొణిగాడు. ఆ తర్వాత, తనను అన్నా అని పిలవొద్దని కూడా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అర్పిత అడగలేదు.

రెండో వీడియో పెయింట్ల కొట్టులోనే తీశారు. కదలని కెమెరా, వెనక ఖాళీ గోడ, ఒక్క నిమిషం. శ్రేయస్ పెయింటు డబ్బా మీద కూర్చుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. అర్పిత ఆపింది. మేనేజింగ్ డైరెక్టర్ దగ్గర మళ్లీ ఆపింది. కొట్టులో నిజంగా నీకు నచ్చే పని ఏదో అది చెప్పమంది.

అతను ఆలోచించి, వేప్పనపల్లి నుంచి వెంకటమ్మ అనే ముసలావిడ గోడ పెచ్చు ఒకటి కొంగులో కట్టుకొచ్చిన సంగతి చెప్పాడు. చనిపోయిన భర్త వేసిన రంగట, అదే కావాలట. ఎన్నిసార్లు కలిపినా ఆవిడ తల అడ్డంగా ఊపింది. చివరికి కుదిరినప్పుడు, ఆవిడ వేలు ముంచి అతని ముక్కుకు పూసి చూసుకుందట. చెబుతూ శ్రేయస్ నవ్వాడు. కెమెరా పక్కన అర్పిత కూడా నవ్వింది. అతను ఆ నవ్వునే చూస్తూ మిగతాది చెప్పాడు.

తర్వాత వారమంతా ఏదో ఒక సందేహంతో స్టూడియోకి వచ్చాడు. బిట్‌రేట్ ఇంకొంచెం పెంచితే ఎట్లుంటుంది, సెవెన్ ట్వంటీ చాలునా. వీడియో పూర్తయిందని మాత్రం తల్లికి చెప్పలేదు. మనోరమే అర్పితకు ఫోన్ చేసి తెప్పించుకుని గ్రూపులో పెట్టింది.

ఈసారి భువనమ్మ మెసేజ్ పెట్టలేదు. నేరుగా మనోరమకు ఫోన్ చేసింది.

“మొహం బాగా కనబడిందమ్మా. కళ్లు ఇంకా బాగా కనబడినాయి. మీవాడు మనల్ని చూడడం లేదు. పక్కన ఎవరినో చూస్తా ఉండాడు. ముందు ఆ పిల్ల ఎవరో కనుక్కోండి.”

మనోరమ వీడియోను మళ్లీ చూసింది. భర్తను పిలిచి చూపించింది. ఆపైన కొడుకును పిలిచింది. శ్రేయస్ బొంకలేదు. అర్పితనే చూశానన్నాడు.

“ఆ పిల్లకి చెప్పినావా?”

“లేదు.”

“గ్రూపుకంతా చెప్పినావు, ఆమెకి చెప్పలేదు. పో.”

స్టూడియో మెట్ల మీద శ్రేయస్ పెద్ద ప్రసంగమే తయారు చేసుకున్నాడు. లోపల ఆమె ముఖం చూడగానే అందులో మిగిలింది నాలుగు మాటలు.

“నువ్వంటే నాకు చానా ఇష్టం.”

అర్పిత చేస్తున్న పని ఆపి, కుర్చీ అతని వైపు తిప్పింది.

“ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసింటానో తెలుసునా? నువ్వు యాడ చూస్తా ఉండావో నాకు కనబడలేదనుకున్నావా?”

“మరి తీసేయలేదే?”

“వేరే చోట్లన్నీ కత్తిరించినాను. ఆడ మాత్రం మనసొప్పలేదు,” అంది.