తడిస్తే తెలిసే బట్ట

ఆమె మొదటిసారి నాతో మాట్లాడింది తిట్టడానికే.

అప్పటికి నేను వరసగా రెండు షిఫ్టులు చేస్తూ పదహారో రోజు. నాతో వంతులవారీగా మిషన్ నడిపే అతను చెయ్యి విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. అతని షిఫ్టు కూడా నా నెత్తినే పడింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ వారమే ల్యాబ్‌లోకి కొత్త టెస్టర్ వచ్చింది.

"ఈ రోల్ మీదేనా? అంచుల్లో బైండర్ సరిగ్గా పట్టలేదు. మీరు మిషన్ని నడుపుతున్నారా, అది మిమ్మల్ని నడుపుతోందా?" అంది.

అదే నన్ను నడుపుతోందని ఒప్పేసుకున్నాను. వాదించే ఓపిక లేదు. ఇంకా తిడుతుందనుకుంటే నవ్వింది. ఆ నవ్వుకి నా అలసటంతా ఎగిరిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. అలసట అలాగే ఉంది. కాకపోతే ఆ రోజు ఇంటికి వెళ్తూ బస్సులో నిద్రపోలేదు.

మా మిల్లులో బట్ట నెయ్యం. మగ్గం లేదు, పడుగూ పేకా లేవు. దూదిలాంటి పీచుని దువ్వి పల్చటి పొరలా పరుస్తాం. ఆ పొర పాలలా తెల్లగా ఉండే బైండర్ తొట్టెలో మునిగి, రెండు రబ్బరు రోలర్ల మధ్య పిండుకుని, వేడి పెట్టెలోంచి వెళ్తుంది. బైండర్ అంటే పాలిమరే. వేడికి గట్టిపడి పీచుని పీచుకి అతికిస్తుంది. అటువైపు నుంచి బట్ట వస్తుంది, ఆస్పత్రుల్లో తుడవడానికి వాడే గుడ్డ. ప్రతి డ్రమ్ము బైండర్‌లోనూ ఒక చిన్న డబ్బా క్యాటలిస్ట్ కలపాలి. కలపడం మర్చిపోయినా బట్ట అలాగే వస్తుంది, చేతికి అలాగే తగులుతుంది. తడిపితే మాత్రం ఏ పీచుకి ఆ పీచు విడిపోతుంది.

ఆమె రోజూ టెస్టుకి బట్ట ముక్కలు కోసుకోవడానికి వచ్చేది. రోలర్ పక్కన నిలబడి కునుకు తీస్తున్న నన్ను చూసి "నిద్రగన్నేరు గారూ" అని పిలవడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో మిల్లంతా అదే పేరు. ఏడాది ఖాళీగా కూర్చున్నాక దొరికిన ఉద్యోగమనీ, మూడు నెలలు పనితనం చూశాకే ఖాయం చేస్తారనీ ఒకసారి చెప్పింది. నా సంగతి కూడా చెప్పాను. షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు నాకే ఇస్తానని మేనేజరు అన్నాడు. అది వస్తే ఒక్క షిఫ్టే. హోదా ఎవడిక్కావాలి, నాకు కావలసింది నిద్ర.

మా దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది. షిఫ్టు మొదట్లోనే లాగ్ షీటులో అన్ని గళ్లలోనూ టిక్కులు పెట్టేస్తాం. పని మొదలయ్యాక చేతుల నిండా బైండరే, కాగితం ముట్టుకుంటే వేళ్లకి అంటుకుని చిరిగిపోతుంది. ఆ సోమవారం కూడా అలాగే టిక్కులు పెట్టాను. డ్రమ్ము నింపాను. క్యాటలిస్ట్ డబ్బా చేతిలోకి తీసుకున్నానో లేదో, అవతల పొర తెగింది. డబ్బా పక్కన పెట్టి పరిగెత్తాను. అతికించి తిరిగొచ్చేసరికి అరగంట. షీటు చూశాను, టిక్కు ఉంది. మోటారు వేశాను.

మంగళవారం ఆమె ట్రేలో నీళ్లు పోసి ముక్కలు ముంచితే అన్నీ విడిపోయాయట. క్యాటలిస్ట్ వేశారా అని అడిగింది. వేశానన్నాను. నిజంగానే వేశాననుకున్నాను. మేనేజరు లాగ్ షీటు చూశాడు. ఇన్నేళ్లలో నా రోల్ ఒక్కటీ అలా పోలేదు కాబట్టి తప్పు ల్యాబ్‌దేనని తేల్చేశాడు. ముక్కలు అడ్డదిడ్డంగా కోస్తోందన్నాడు. శుక్రవారంలోగా తప్పు ఎక్కడుందో చూపించాలి, లేకపోతే ఇక రానక్కర్లేదు.

బుధవారం పొద్దున్న డ్రమ్ము వెనక డబ్బా కనిపించింది. సీలు కూడా తియ్యలేదు.

తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. కాలితో దాన్ని ఖాళీ సంచుల వెనక్కి తోసేశాను. తరవాత క్యాంటీన్‌కి వెళ్లి, టీ తీసుకుని ల్యాబ్‌కి వెళ్లాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

బల్ల నిండా తడి ముక్కలు. కత్తెర పట్టిన వేలికి బొబ్బ. నేను టీ పెడితే తలెత్తకుండానే మాట్లాడింది.

"నా చేతుల్లోనే ఏదో లోపం ఉన్నట్టుంది. వందసార్లు చేశాను, వందసార్లూ అదే వస్తోంది. ఇక నా మీద నాకే నమ్మకం పోతోంది."

చల్లారిపోతుంది, తాగండి అన్నాను. గురువారం కూడా టీ తీసుకెళ్లాను. మిల్లులో తనతో సరిగ్గా మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణేనంది. మింగలేక కక్కలేక తిరిగొచ్చి మిషన్ ముందు నిలబడ్డాను. ఆ రోజు కునుకు కూడా రాలేదు.

శుక్రవారం ఆమెను మేనేజరు గదిలోకి పిలిచారని తెలిసింది. సంచుల వెనకనుంచి డబ్బా తీసుకుని వెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

"సార్, ఆవిడ టెస్టు సరైనదే. నేనే క్యాటలిస్ట్ వెయ్యలేదు. బుధవారం నుంచి నాకు తెలుసు."

ఆ చివరి మాట చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఆమె మాత్రం ఆ మాటకే నా వైపు తిరిగింది. మేనేజరు అన్నవన్నీ రాయడం అనవసరం. రోల్స్ అన్నీ చెత్తలోకి, ఇన్‌చార్జి పోస్టు ఇంకొకరికి. విరిగిన చెయ్యి అతుక్కునేదాకా రెండు షిఫ్టులూ నాకే. ఆమె ఉద్యోగం మాత్రం నిలిచింది.

బయట వాన పడుతోంది. లోడింగ్ షెడ్డు కింద నిలబడి ఉంటే ఆమె వచ్చింది. గొడుగు ఉన్నా తెరవలేదు.

"మర్చిపోయినందుకు కాదు నా కోపం. అలిసిన మనిషి మర్చిపోతాడు. తెలిసి కూడా టీ తెచ్చిచ్చారు చూడండి, అందుకు. నేను నా చేతుల్ని అనుమానించుకుంటుంటే చూస్తూ నిలబడ్డారు."

"అవును. పోస్టు పోతుందని భయపడ్డాను. నిద్ర కోసం మిమ్మల్ని బలిపెట్టబోయాను."

"మరి ఇవాళెందుకు చెప్పారు?"

"మీరంటే నాకిష్టం. మీ ఉద్యోగం నావల్ల పోతే నాకింక నిద్రెక్కడిది?"

ఆమె క్షమించానని అనలేదు. కోపం తగ్గిందని కూడా అనలేదు.

"ఈ మాట మీరంటున్నారో, మీ అలసట అంటోందో నాకు తెలియట్లేదు. ఈ ఆదివారం మిల్లుకి సెలవేగా. కంటినిండా నిద్రపోండి. లేచాక కూడా ఇదే మాట ఉంటే మా ఇంటికొచ్చి చెప్పండి" అని గొడుగు తెరిచి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నాను. బతికున్నానో లేదో అని మా అమ్మ రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. లేచి మంచం మీద కూర్చుని వెతుక్కున్నాను. మాట అక్కడే ఉంది. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తుంపరలోనే బయలుదేరాను.

తలుపు తీసింది వాళ్ల నాన్న. బస్సు నడిపి రిటైరయిన మనిషి. కళ్లజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. తడిసిన చెప్పులు విప్పి, నేనెవరో చెప్పబోయాను.

"నిద్రపోయావా బాబూ?" అన్నారాయన.

అయితే అన్నీ చెప్పేసిందన్నమాట. పోయానండీ అన్నాను.

ఆయన లోపలికి తిరిగి, "అమ్మాయ్, నిద్రపోయే వచ్చాడట" అని కేకేసి, గుమ్మానికి అడ్డు తప్పుకున్నారు.