మూత లోపలి గీతలు

కంబమందు వెడలి కాచినట్టి దయాళు
మాయలెల్ల త్రుంచు మాలకొండ
వాస నారసింహ వందనం బొనరించి
గుట్టు దెలుపు కథను గూర్చువాడ.

1979 మే నెల. ఆత్మకూరు ట్రావెలర్స్ బంగళా.

"విదేశీ ముఠా కొరియర్‌ను నిన్న బస్టాండులో కాల్చేసినారు," అన్నాడు కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ జనార్దనయ్య. "వాడి జేబులో ఇది దొరికింది."

బల్లమీద వెండి జేబు గడియారం. దాని పక్కన అచ్చంగా అటువంటిదే మరొకటి. ఆ రెండవది, తొమ్మిది రోజుల క్రితం మరణించిన తండ్రి నుండి ఏజెంట్ మాలకొండయ్యకు సంక్రమించినది.

"ఇది ఆ ముఠా గుర్తింపు టోకెన్. మూడేళ్ళ కిందట, పాత మోడల్ చూసి చేయించుకున్నారు. దుత్తలూరు బడిపంతులు, మీ నాయన వెంగయ్యకు ఇట్టాంటిదెట్లా వచ్చింది?"

"తెలియదు సార్."

"రేపు సాయంత్రం ఐదింటికి ఢిల్లీకి రిపోర్టు పోవాల. అప్పటికి రుజువు తేకపోతే మీ నాయన పేరు గూఢచారుల జాబితాలో రాస్తాను."

మాలకొండయ్యకు కోపం రాలేదు. దుఃఖమూ రాలేదు. తండ్రి పోయిననాటి నుండి అతని లోపల ఏదీ కదలడం లేదు.

మరునాడు కర్ర గరిటెల బేరగాని వేషంలో ఉదయగిరి చేరాడు. చీఫ్ తోడిచ్చిన మద్రాసు ఏజెంట్ మునీరా బురఖాలో వెంట వచ్చింది. ఆమె సంచిలో లిప్‌స్టిక్ కెమెరా, కంఠంలో తేనె.

"నేను బయట కాపలా ఉంటాను. మీరు వెళ్ళండి."

గడియారాల అంగడి లోపల వృద్ధుడైన ఖలీలుల్లా వెనుక మూత తెరిచి, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు.

"ఈ గీతలు చూసినావా సార్? రిపేరుకు విప్పినోడల్లా మూత లోపల తన గుర్తూ, సంవత్సరమూ గీకుతాడు. ఇది మా అబ్బాజాన్ చెయ్యి, ముప్పై నాలుగు. ఈ కిందవి నావి. కొండ కొలిచిన సర్వే దొర, గొలుసు మోసిన మీ తాత కామయ్యకు పోతా పోతా ఇచ్చినాడంట. మూడేళ్ళ సరుకంటే నవ్విపోతారు!"

రుజువు దొరికింది. మాలకొండయ్య తల ఊపి గడియారాన్ని జేబులో వేసుకున్నాడు. గుండె మాత్రం మొద్దుబారే ఉంది.

తిరుగు బస్సులో మునీరా చేయి చాచింది. "మీ నాయనగారి గుర్తు కదా, ఒకసారి చూడనివ్వండి." చూసింది, రుమాలుతో తుడిచింది, తిరిగి ఇచ్చింది. కాంటాక్టును కలవాలంటూ ఎ.ఎస్. పేటలో దిగిపోయింది. అతడు మూత తెరిచి చూసుకోలేదు. చూడాలనిపించలేదు.

నాలుగు గంటల యాభై తొమ్మిది నిమిషాలు. బంగళాలో గీతల సంగతంతా విని, జనార్దనయ్య గోటితో మూత లేపాడు.

"గీతలేవయ్యా? అద్దం మాదిరి ఉండాది!"

మాలకొండయ్య చూశాడు. నకలు చేసినవానికి ఆ గీతల సంగతి తెలియదు. ఆలోచన పుట్టక ముందే చేయి కదిలింది. చీఫ్ అరచేతిలోని గడియారం కిటికీ దాటి పెరటి ఎండుబావిలో పడింది. మరుక్షణం బావి గర్జించింది. పెంకులు జలజల రాలాయి.

"నన్ను చంపను బాంబు నీ చేతికే ఇచ్చి పంపినారు గదరా!" అన్నాడు చీఫ్ నేలమీద నుండి.

"మునీరా, సార్," అన్నాడతడు, హాజరు పలికినట్లు.

జీపు ఎ.ఎస్. పేట చేరేసరికి ఆమె నల్ల కళ్ళద్దాలతో రోడ్డు పక్క బెంచీమీద కూర్చుని ఉంది. హ్యాండ్‌బ్యాగులో అసలు గడియారం. చీఫ్ గీతలన్నీ చదివి, పేలుడుతో ఆగిపోయిన రిపోర్టును జేబులోంచి తీసి వెంగయ్య పేరు కొట్టివేశాడు.

"మీ నాయన మచ్చలేని మనిషి. ఏమన్నా అనవయ్యా!"

"సరే సార్."

గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు. ఆడుతోంది. అంతే. నాయన కీ ఇచ్చే వేళ కనుక, కీ ఇచ్చాడు.

"రెండు గంటలైంది దిగి. ఇంకా ఇక్కడే ఉండావేం?" అని చీఫ్ మునీరాను అడిగాడు.

ఆమె పళ్ళు కొరికింది. "నాలుగింటి కలువాయి బస్సు ఇంకా రాలేదు."

పేలుడును సెకనుతో సహా లెక్కగట్టిన అంతర్జాతీయ ముఠా, పారిపోవడానికి మాత్రం బస్సుల టైం టేబులును నమ్ముకుంది.

ఈ కథ చదివినవారికీ విన్నవారికీ పెద్దల పేరు నిలుపుకునే భాగ్యమూ, మొద్దుబారిన మనసులకు మెల్లగా తెప్పరిల్లే చల్లదనమూ కలుగుగాక!